పాతబస్తీ ముషాయిరాకు మన ఊళ్ల శ్రోతలేరీ?

హైదరాబాదు పాతబస్తీలో ముషాయిరా సాహిత్య సభే గాని, దండలు, ఉపన్యాసాలతో నడిచే సభ కాదు. ఇక్కడ శ్రోత చేతులు కట్టుకు కూర్చుంటే కవి మనసు విరిగిపోతుంది.

రాత్రి నమాజు ముగిశాక మొదలైన సభ ఒక్కోసారి తెల్లవారుజాము దాకా సాగుతుంది. వెనుకటి రోజుల్లో చదవబోయే కవి ముందు షమా, అంటే దీపం, పెట్టేవారు. తర్వాత మైకు వచ్చింది. కవి షేర్‌లో మొదటి పాదం చదవగానే శ్రోతలు అందుకుని తిరిగి పలుకుతారు. కవి కావాలనే కాస్త ఆగుతాడు. రెండో పాదంలో ప్రాస ఏం పడబోతుందో అలవాటున్న శ్రోత ఈలోగా ఊహిస్తాడు. ఊహ నిజమైతే కవితోపాటు సభంతా ఆ మాట అంటుంది. ఊహకందనిది పడితే 'వాహ్ వా' అని లేస్తారు. నచ్చిన షేర్‌ను 'ముకర్రర్' అని మళ్లీ చదివిస్తారు. నచ్చకపోతే మౌనమే. కవికి అంతకు మించిన శిక్ష లేదు.

ఈ పద్ధతులు మనకు మరీ కొత్తవి కావు. వేమన పద్యం చివర వేమ పేరు ఉన్నట్లే, గజల్ చివరి షేర్ 'మక్తా'లో కవి తన కలంపేరు చెప్పుకుంటాడు. అవధానంలో సమస్య ఇచ్చినట్లే, 'తరహీ' ముషాయిరాలో ఒక పాదం ముందుగా ఇచ్చి, అదే నడకలో, అదే ప్రాసతో గజల్ రాసుకురమ్మంటారు.

భాష రాదని జంకేవారున్నారు. పట్టా, పహాణీ, జమాబందీ, దరఖాస్తు అంటూ కచేరీ చుట్టూ తిరిగిన రైతుకు కొంత ఉర్దూ వచ్చినట్లే. 'నక్కో', 'హౌ' అంటూ సాగే దక్కనీ హాస్య కవిత్వానికైతే పల్లెవాళ్లే ముందు నవ్వుతారు. చార్మినారు కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా స్వయంగా దక్కనీ కవి.

పాత మెదక్ జిల్లావారికి మరో చుట్టరికం ఉంది. మఖ్దూం మొహియుద్దీన్ 1908లో అందోలులో పుట్టారు. మూసీ ఒడ్డున ఉన్న సిటీ కాలేజీలో పాఠాలు చెప్పారు, తర్వాత ఉద్యోగం వదిలి కమ్యూనిస్టు ఉద్యమంలోకి వెళ్లారు. ఆయన 'బిసాతె రక్స్'కు 1969లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆ యేడే కన్నుమూశారు. ఇమ్లీబన్ బస్టాండులో దిగి నయాపూల్ దాటితే ఆ కాలేజీ ఎంతో దూరం లేదు.

1948కి ముందు నిజాం రాజ్యంలో చదువుకున్నవారికి ఉర్దూ బడిభాష. సి. నారాయణరెడ్డి ఆ చదువుతోనే పైకొచ్చి, తెలుగులో గజళ్లు రాశారు. దాశరథి 1961లో 'గాలిబ్ గీతాలు' వెలువరించారు. ఆ చదువు చదివిన పట్వారీ తాతలు ఉన్నన్నాళ్లు, పక్కన కూర్చున్న మనవడికి అర్థం చెప్పేవారు. ఇప్పుడు ఆ తరం దాదాపు వెళ్లిపోయింది. మనవలకు లిపి రాదు. తాతల ట్రంకుపెట్టెల్లో మిగిలిన ఉర్దూ పుస్తకాలను, చిత్తు కాగితాల కింద అమ్మేముందు, ఒక్కసారి చదవగలిగినవారికి చూపించడం మంచిది.

ముషాయిరా జరిపేవారు ఆ రాత్రి చదివే గజళ్లలో నాలుగైదింటినైనా తెలుగు లిపిలో, కఠిన పదాలకు అర్థాలతో ఒక కాగితం మీద అచ్చువేసి గుమ్మం దగ్గర పంచితే, బస్సెక్కి వచ్చిన శ్రోత కూడా సమయానికి 'ముకర్రర్' అనగలడు.