ఒక మెమరీ కార్డు నుంచి ముప్పై: నకలులో ఏం ఉండకూడదు?

ఒక పాఠశాల కంప్యూటర్ ల్యాబ్‌కు 30 రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్లు వచ్చాయనుకుందాం. అరచేతిలో ఇమిడే ఈ బోర్డులో హార్డ్ డిస్క్ ఉండదు. ఆపరేటింగ్ సిస్టమ్ సాధారణంగా మైక్రో ఎస్‌డీ కార్డులోనే ఉంటుంది. తెలుగు ఫాంట్లు, కీబోర్డు, పైథాన్, స్క్రాచ్ వంటివన్నీ ఒక్కో కార్డులో విడివిడిగా అమర్చాలంటే రోజులు పడుతుంది. అందుకే ఒక కార్డును పూర్తిగా సిద్ధం చేసి, దాని నకలును మిగతా 29 కార్డులకు ఎక్కిస్తారు.

ఇమేజ్ అంటే ఏమిటి?

ఫైళ్లను మామూలుగా కాపీ చేసి మరో కార్డులో పెడితే సరిపోదు. కార్డు విభజనను తెలిపే పట్టిక, కంప్యూటర్ మొదలవడానికి కావలసిన చిన్న విభాగం, లినక్స్ ఫైళ్లుండే పెద్ద విభాగం ఉన్నవి ఉన్నట్టే రావాలి. అందుకని కార్డును మొదటి సెక్టార్ నుంచి చివరిదాకా చదివి ఒకే ఫైలుగా దాస్తారు. అదే ఇమేజ్. లినక్స్‌లో ఈ పని ‘డీడీ’ అనే ఆదేశం చేస్తుంది. మూలం, గమ్యం తారుమారైతే మాత్రం సిద్ధం చేసిన కార్డే చెరిగిపోతుంది. డీడీ ముందుగా హెచ్చరించదు.

32 అన్నీ ఒకటి కావు

32 జీబీ అని రాసి ఉన్నా, తయారీదారును బట్టి కార్డుల సెక్టార్ల సంఖ్య కొద్దిగా మారుతుంది. పెద్ద కార్డు ఇమేజ్ చిన్నదానిలో పట్టదు. అందుకే పెద్ద విభాగాన్ని ముందుగా కుదించి, కొత్త కార్డులో మొదటిసారి ఆన్ చేసినప్పుడు అది విస్తరించేలా ఏర్పాటు చేస్తారు. దీంతో సమయమూ కలిసొస్తుంది. సెకనుకు 20 మెగాబైట్ల వేగంతో రాస్తే, 32 జీబీ ఇమేజ్‌ను 30 కార్డులకు ఎక్కించడానికి 13 గంటలు దాటుతుంది. 7 జీబీ ఇమేజ్‌కు 3 గంటలు చాలు.

అసలు చిక్కు

నకలు ఎంత కచ్చితంగా ఉంటే అంత చిక్కు. కంప్యూటర్ పేరు, దాని ప్రత్యేక గుర్తింపు సంఖ్య, వైఫై పాస్‌వర్డ్, దూరం నుంచి లాగిన్ అయ్యేందుకు వాడే ఎస్‌ఎస్‌హెచ్ రహస్య తాళాలు కూడా అన్ని కార్డుల్లోకి వెళ్తాయి. ఒక్క కార్డు పోయినా, అది దొరికినవారు ఆ తాళంతో మిగతా 29 కంప్యూటర్లలో దేనిలాగైనా నటించగలరు. అందరికీ ఒకే రహస్యం ఉండటం ప్రమాదమే. రాస్ప్‌బెర్రీ పై ఆపరేటింగ్ సిస్టమ్‌లో ముందే అమర్చి ఉండే ‘పై’ అనే యూజర్ ఖాతాను 2022 ఏప్రిల్‌లో తొలగించడానికి కారణమూ భద్రతే.

కాబట్టి ఇమేజ్ తీసే ముందు ఆ తాళాలను, గుర్తింపు సంఖ్యను, వైఫై వివరాలను తొలగించాలి. తొలిసారి ఆన్ చేసినప్పుడు ప్రతి కంప్యూటర్ తన తాళాలను, సంఖ్యను తానే సృష్టించుకునేలా అమర్చాలి. కంప్యూటర్ పేరును బోర్డు క్రమసంఖ్య నుంచి తీసుకోవచ్చు. అది కార్డులో కాక చిప్‌లో ఉంటుంది కనుక నకలు కాదు. మరో జాగ్రత్త: డిలీట్ చేసిన ఫైళ్ల సమాచారం ఖాళీ సెక్టార్లలో మిగిలిపోయి ఇమేజ్‌లోకి రావచ్చు. ఖాళీ స్థలాన్ని సున్నాలతో నింపితే అది పోతుంది, ఇమేజ్‌ను కంప్రెస్ చేసినప్పుడు ఫైలు కూడా బాగా చిన్నదవుతుంది.

చివరిగా సరిచూపు

రాసిన కార్డును ఆన్ చేయకముందే, ఇమేజ్ పొడవు మేరకు తిరిగి చదివి, ఎస్‌హెచ్‌ఏ-256 విలువను ఇమేజ్ విలువతో పోల్చాలి. ఒక్క బిట్ తేడా ఉన్నా విలువ మారిపోతుంది. పాడైన కార్డులు ఇక్కడే బయటపడతాయి.

మూల ఇమేజ్‌ను తేదీ వేసి భద్రపరచాలి. రేపు ఏ విద్యార్థి కార్డు చెడిపోయినా, కొన్ని నిమిషాల్లో కొత్తది సిద్ధమవుతుంది.