కొబ్బరి మొక్కకు తల్లి గుణం పూర్తిగా రాదెందుకు?

నౌపడ: ఇక్కడి ఉప్పు మడులు దాటి ఉత్తరంగా సాగితే పలాస జీడితోటలు, ఉద్దానం కొబ్బరితోటలు కనిపిస్తాయి. 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుపాను వీటిలో పెద్దసంఖ్యలో చెట్లను కూల్చివేసింది. మళ్లీ నాటే రైతుకు జీడి విషయంలో ఉన్న భరోసా కొబ్బరిలో లేదు. కారణం కణ విభజనలో ఉంది.

జీడి అంటు సమవిభజనతో పెరుగుతుంది. కణంలోని ప్రతి క్రోమోజోము ముందుగా తన నకలును తయారుచేసుకుంటుంది. అవి కణం నడుమ బారులు తీరి, చెరో పక్కకు విడిపోతాయి. రెండు పిల్ల కణాలకూ తల్లి కణపు వారసత్వమే అందుతుంది. అందువల్ల బాపట్ల పరిశోధన స్థానం రూపొందించిన బీపీపీ-8 కొమ్మను అంటుకడితే, వేరు మరో మొక్కదైనా కాపు బీపీపీ-8దే.

కొబ్బరికి కొమ్మలుండవు, మొవ్వు ఒక్కటే. అంటుకు వీలులేక కాయనే మొలకెత్తించాలి. పూతలో జరిగేది క్షయకరణ విభజన. 32 క్రోమోజోములు 16 జతలుగా చేరి, ముక్కలు మార్చుకుని, వరుసగా రెండుసార్లు విభజన జరుగుతుంది. బీజకణానికి దక్కేవి 16 మాత్రమే. ఏ జతలోంచి ఏది వస్తుందన్న లెక్కకే 65,536 కలయికలు. ముక్కల మార్పిడి అదనం. పైగా పొడుగు రకంలో పుప్పొడి ఎక్కువగా పక్క చెట్లదే.

మంచి తల్లిచెట్టును ఎంచడం మేలైన అలవాటే గాని, అది సగం ఎంపిక. తండ్రి ఎవరో తెలియదు. కాపు చూసి తేల్చుకోవాలంటే ఆరేడేళ్లు ఆగాలి. కనుకనే నారుమడిలో ముందుగా మొలిచి, మొదలు లావుగా ఉండి, ఆకులు త్వరగా చీలిన మొక్కలనే నాటుకు ఉంచి, మిగిలినవి తీసివేయాలని శాస్త్రజ్ఞులు సూచిస్తారు.