డీకాన్ఫ్ ఎడిటర్: మరుగున ఉన్న మీటలు

లైనక్స్‌లో గ్నోమ్ డెస్క్‌టాప్ వాడేవాళ్లకు డీకాన్ఫ్ ఎడిటర్ గురించి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు: సెట్టింగుల్లో లేనిది అందులో దొరుకుతుందని. అందుకే దాన్ని దొడ్డిదారిగా చూడడం అలవాటైపోయింది. అది సరికాదు. ఈ పరికరం గొప్పతనం దాచిన ఫైలును తెరవడంలో లేదు, ఆ ఫైల్లోని కీలు దేనికో చెప్పగలగడంలో ఉంది. విండోస్ రిజిస్ట్రీ ఎడిటర్‌కు ఒక కీలో అంకె ఉందని తెలుసు గానీ ఆ అంకె ఏం చేస్తుందో, ఎంతవరకు పెంచవచ్చో తెలియదు. డీకాన్ఫ్ ఎడిటర్‌లో దాదాపు ఏ కీ తెరిచినా దాని పని, అది ఒప్పుకునే విలువలు, మొదట్నుంచీ ఉన్న విలువ పక్కపక్కనే కనిపిస్తాయి. ఎందుకంటే ప్రోగ్రాం రాసేవాళ్లు ప్రతి కీని స్కీమా అనే పత్రంలో ముందే ప్రకటించి తీరాలి. ప్రకటించని కీని అడిగిన ప్రోగ్రాం అక్కడికక్కడే ఆగిపోతుంది.

ఈ ఎడిటర్ చూపే డీకాన్ఫ్ అనే సెట్టింగుల నిల్వ లోపలి పనితనం ఇంకా ముచ్చటైనది. హోం ఫోల్డరులో చుక్కతో మొదలయ్యే కాన్ఫిగ్ ఫోల్డరు, దానిలో డీకాన్ఫ్, దానిలో యూజర్ అనే ఒకే ఒక్క ఫైలు. అందులో మనం మార్చిన విలువలే ఉంటాయి, మార్చనివన్నీ స్కీమాలోనే ఉండిపోతాయి. కాబట్టి పాత స్థితికి తేవడమంటే ఆ నమోదును చెరిపేయడమే. ఇక చదవడం, రాయడం రెండూ ఒకే బరువు పనులు కావు. వరంగల్ కొత్తవాడలో జంపఖానా నేసేవాళ్లు పడుగు ఒకసారి ఎక్కించుకుని పేకను వేలసార్లు నడిపిస్తారు. ముందు పడాల్సిన శ్రమ పడుగు దగ్గర పడితే తర్వాత చెయ్యి ఆగదు. సెట్టింగులు కూడా మార్చేది ఎప్పుడో, చదివేది అస్తమానం. అందుకని డీకాన్ఫ్‌లో ప్రోగ్రాములు ఎవరినీ అడగకుండా ఫైలును నేరుగా మెమరీలోకి తెచ్చుకుని చదువుకుంటాయి. రాసే పని మాత్రం ఒక్క సేవక ప్రోగ్రాం చేతిలోనే ఉంటుంది. అది కొత్త ఫైలు పూర్తిగా రాసి, పాతదాని స్థానంలో ఒక్క దెబ్బకు పెడుతుంది, మధ్యలో కరెంటు పోయినా సగం రాసిన ఫైలు మిగలకూడదని. మార్పు జరిగినట్టు చదివేవాళ్లకు తెలిసేదెలా? అందరూ చూడగలిగే మెమరీలో ఒకే ఒక్క బైటు. అది సున్నా అయితే పాత ఫైలే సరైనది, కాకపోతే కొత్తది తెరవాలి. ఇంత చిన్న సంకేతంతో అంత పని జరగడం నాకు ఎన్నిసార్లు తలచుకున్నా అబ్బురమే.

ఈ ఫైలు బైనరీ, నోట్‌ప్యాడ్‌లో దిద్దుకునే వీలు లేదు కదా అనేవాళ్లున్నారు. మాట నిజమే, కానీ మామూలు టెక్స్టు ఫైల్లో ఒక అక్షరం తప్పితే ఆపేవాళ్లుండరు. ఇక్కడ తప్పు రకం విలువ ఎలాగో చేరినా ప్రోగ్రాం దాన్ని పక్కనపెట్టి స్కీమాలోని విలువనే తీసుకుంటుంది. టెక్స్టే కావాలంటే డీకాన్ఫ్ డంప్ ఆదేశం మొత్తాన్నీ అచ్చంగా రాసిస్తుంది. ఇంతకన్నా గట్టి అభ్యంతరం మరొకటి ఉంది: పనికొచ్చే మీటను మెనూలో పెట్టాలి, పనికిరానిదాన్ని తీసేయాలి, దాచడమెందుకు? గ్నోమ్‌లో ఈ గొడవ పాతదే. ప్రతి మీటకూ ఖరీదుంటుందని గ్నోమ్ డెవలపర్ హావోక్ పెన్నింగ్టన్ వాదించాడు. పది అవును-కాదు మీటలు కలిస్తే 1,024 కలయికలు, అన్నింటినీ ఎవరు పరీక్షిస్తారు? 2002లో వచ్చిన గ్నోమ్ 2 ఆ దారినే పట్టి మీటలను కోసేసింది. 2005లో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ విసిగిపోయి కేడీఈ అనే మరో డెస్క్‌టాప్ వాడుకోమన్నాడు. ఇద్దరి మాటలోనూ బలముంది. అయితే అందరికీ అక్కర్లేనిదీ కొందరికి తప్పనిదీ ఒకటే కావచ్చు, అలాంటిదానికి వివరణతో కూడిన మరుగే తగిన చోటు. చివరికి పెన్నింగ్టన్ తయారుచేసిన పాత సెట్టింగుల వ్యవస్థ జీకాన్ఫ్ పోయి, 2011లో గ్నోమ్ 3తో ర్యాన్ లోర్టీ తయారుచేసిన డీకాన్ఫ్ స్థిరపడింది.

తెలుగువాళ్లకు దగ్గరి ఉదాహరణ కీబోర్డుదే. గ్నోమ్ సెట్టింగుల జాబితా కంప్యూటర్లో ఉన్న టైపింగ్ పద్ధతులన్నింటినీ చూపదు. రైస్ విశ్వవిద్యాలయం పేరుతో వచ్చిన ఆర్‌టీఎస్ లాంటిది ఎక్కించుకున్నా అక్కడ కనబడకపోతే, ఇన్‌పుట్-సోర్సెస్ కింద షో-ఆల్-సోర్సెస్ అనే కీని ట్రూ చేసి చూడాలి. ఇలాంటి కీల వివరణలను తెలుగులోకి తెచ్చిన స్వచ్ఛంద అనువాదకులు ఉన్నారు. కొత్త కీలు మాత్రం వస్తూనే ఉంటాయి, అనువాదం కాని వివరణ ఇంగ్లీషులోనే కనబడుతుంది.