నక్షత్రాల వెంట తిరిగే కెమెరా: ఎంతసేపటి ఫొటో సాధ్యం?

నక్షత్రాల ఫొటోలు తీయాలని ముచ్చటపడే పిల్లలు కెమెరాను తిప్పే చిన్న ట్రాకర్ కొనిపెట్టమని అడగడం సహజం. వేల రూపాయల ఖర్చు గనుక, ఆ యంత్రానికి గల పరిమితులు పెద్దలు ముందుగానే తెలుసుకోవడం మంచిది.

భూమి 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లకు ఒకసారి తన చుట్టూ తాను తిరుగుతుంది. అందువలన నక్షత్రాలు సెకనుకు దాదాపు 15 ఆర్క్ సెకన్ల చొప్పున జరుగుతున్నట్లు కనిపిస్తాయి. ఒక డిగ్రీకి 3,600 ఆర్క్ సెకన్లు. కదలని స్టాండుపై ఎన్ని సెకన్లు తీయవచ్చునో తెలియడానికి 500ను లెన్స్ నాభ్యంతరంతో భాగిస్తారు. 50 మి.మీ. లెన్స్‌కు 10 సెకన్లు, 200 మి.మీ.కు రెండున్నర సెకన్లు వస్తాయి. ఇది స్థూలమైన లెక్క. నేటి డిజిటల్ కెమెరాలకు ఇంకా తగ్గించుకోవాలి.

ట్రాకర్ కెమెరాను భూభ్రమణానికి ఎదురుగా, అదే వేగంతో తిప్పుతుంది. అయితే దాని ఇరుసు ఖగోళ ధ్రువం వైపు గురిపెట్టి ఉండాలి. ధ్రువతార ఆ బిందువుకు 0.6 డిగ్రీకి పైగా దూరంలో ఉన్నది. ఇరుసును నేరుగా ధ్రువతారకే గురిపెడితే చిత్రం నిమిషానికి 10 ఆర్క్ సెకన్ల వరకు జరగవచ్చు. 4 మైక్రాన్ల పిక్సెల్ గల కెమెరాలో 50 మి.మీ. లెన్స్‌కు ఒక పిక్సెల్ 16 ఆర్క్ సెకన్లు. నిమిషంన్నర వరకు చిక్కు లేదు. 200 మి.మీ.కు పిక్సెల్ 4 ఆర్క్ సెకన్లే. 25 సెకన్లకే చుక్క గీతగా మారడం మొదలవుతుంది. గురి తప్పు డిగ్రీలో పన్నెండో వంతుకు తగ్గితే అదే లెన్స్‌తో సుమారు 3 నిమిషాలు తీయవచ్చు.

గురి సరిగా కుదిరినా మరొక దోషం మిగులుతుంది. 144 పళ్ల చక్రం గల ట్రాకర్‌లో దానిని తిప్పే మర ఇరుసు సుమారు 10 నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతుంది. దాని తయారీలోని స్వల్పమైన ఎగుడుదిగుళ్ల వలన చిత్రం ముందుకూ వెనుకకూ ఊగుతుంది. నాభ్యంతరం పెరిగినకొలదీ ఈ ఊపు స్పష్టమవుతుంది. దీనికి తోడు ఊరి దీపాల కాంతి ఆకాశాన్ని తెల్లబరచి, ఎక్కువసేపు తీసిన ఫొటోను వెలవెలబోయేట్లు చేస్తుంది.

కావున ఒకే ఫొటోను గంటసేపు తీయాలనుకోవడం కంటే, నిమిషం చొప్పున 60 ఫొటోలు తీసి, చెడినవి విడిచి, తక్కినవి కంప్యూటర్‌లో కలపడం మేలు.

ధ్రువతార ఎత్తు ఆ ఊరి అక్షాంశానికి ఇంచుమించు సమానం. హోసూరులో సుమారు 13, బళ్లారిలో 15, యానాంలో 17 డిగ్రీలు మాత్రమే. ఉత్తరాన చెట్టో మేడో ఉంటే అది కనబడదు, గురి కుదరడం కష్టమవుతుంది. డబ్బు చెల్లించకముందే ఒక రాత్రి పెరటిలోనో మేడపైనో నిలబడి ఆ తార కనబడుతున్నదో లేదో చూసుకోవాలి.