పురుషుల గర్భనిరోధము: మూయుట, తెఱచుట

గత మాసమున మా మేనల్లుడు మా యింటికి వచ్చి, భోజనమైన పిమ్మట నన్ను వీథి యరుగు మీదికి పిలిచి, మెల్లగా నొక ప్రశ్న వేసెను. అతనికి రెండేండ్ల కూతురు గలదు. భార్యకు గర్భనిరోధపు మాత్రలు సరిపడలేదు; తలనొప్పియు వాంతులును ఆమెను పీడించినవి. రెండవ బిడ్డను మఱి మూడు నాలుగేండ్లకు గాని కనరాదని వారి యభిప్రాయము. "మామయ్యా, మగవారికొక ఇంజెక్షను వచ్చినదట గదా! వేయించుకొని, కావలసినప్పుడు తీసివేయించుకొనవచ్చునట. నిజమేనా?" అని యతడడిగెను. నేను ముప్పదియేండ్లు జీవశాస్త్రము బోధించినవాడను. అయినను వెంటనే జవాబు చెప్పలేకపోయితిని. చదివి చెప్పెదనంటిని. అట్లు చదివినదానినే నేడు శ్రోతలకును విన్నవించుచున్నాను. ఇంటిల్లిపాదియు కూడి వినుచుండు వేళ గనుక మాట మర్యాద దాటనీయను; విషయమును మాత్రము దాచను.

మొదట ఇందలి చిక్కేమో చూతము. స్త్రీ శరీరమున సాధారణముగా నెలకొక అండము విడుదల యగును. పురుషుని శరీరమున శుక్రకణములు దినమునకు కోట్లకొలది పుట్టుచుండును. ఒక్కొక్క కణము సిద్ధమగుటకు రమారమి 74 దినములు పట్టును. నెలకొకసారి వచ్చు చుట్టమును గుమ్మము కడ నాపుట వేఱు, రేయింబవళ్లు తెంపులేక వచ్చు తిరునాళ్ల జనమును ఆపుట వేఱు. పురుషులకు మందు కనిపెట్టుట ఆలస్యమగుటకు ఇదియొక కారణము. ఇదియొక్కటే కారణమని మాత్రము నేను నమ్మను.

ప్రయత్నములు లేకపోలేదు. 1970 ప్రాంతముల చైనాలో ప్రత్తిగింజల నుండి తీసిన గాసిపాల్ అను పదార్థమును వేలకొలది పురుషులకిచ్చి చూచిరి. అది శుక్రకణములను తగ్గించిన మాట నిజము. కాని కొందఱికి రక్తములో పొటాసియము పడిపోయెను. మఱి కొందఱికి మందు మానిన పిమ్మటను సంతానశక్తి తిరిగి రాలేదు. ఆ మార్గము విడిచిపెట్టవలసి వచ్చెను. తరువాత హార్మోనుల వంతు వచ్చెను. 320 మంది పురుషులకు ఎనిమిది వారములకొక తూరి ఇంజెక్షను ఇచ్చిన పరీక్ష యొకటి గలదు. దాని ఫలితములు 2016లో ప్రకటితమైనవి. గర్భనిరోధము చక్కగనే జరిగెను. కాని మొటిమలు, మనసు క్రుంగుట మొదలగు బాధలు కనబడుటచే ఆ పరీక్షను నడుమనే నిలిపివేసిరి. ఇట్టి బాధలనే స్త్రీలు మాత్రలు మ్రింగుచు ఎన్ని యేండ్లు సహించిరో తలచుకొన్నచో, ఆ నిలుపుదల సరియైనదే యైనను, మనసుకు కొంచెము గుచ్చుకొనును.

ఇప్పుడు అమెరికాలో భుజములకు ప్రతిదినము పూసికొను జెల్ ఒకటి పరీక్షలో నున్నది. 222 మందిని గూర్చి 2024లో చెప్పిన లెక్కలో, 15 వారములు నిండునప్పటికి నూటికి 86 మందికి శుక్రకణములు కావలసినంత తగ్గినవి. హార్మోనుల జోలికి పోని మాత్ర మఱియొకటి గలదు. దాని పేరు వైసీటీ-529. అది విటమిను 'ఏ' యొక్క పనిని వృషణములలో నడ్డగించును. ఎలుకలకును కోతులకును మందు మానిన పిమ్మట సంతానశక్తి తిరిగి వచ్చినది. మనుష్యులలో 16 మందికి మాత్రమే ఇచ్చి, హాని లేదని 2025లో ప్రకటించిరి. పదునాఱుగురిని చూచి పండుగ చేసికొనరాదు.

మా మేనల్లుడు విన్న ఇంజెక్షను వీనిలో ఏదియు కాదు. అది మన దేశమున పుట్టినదే. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లో పనిచేసిన సుజోయ్ కుమార్ గుహా అను శాస్త్రజ్ఞుడు మొదట త్రాగునీటిని గూర్చి ఆలోచించుచుండెను. నీటిపంపు గొట్టము లోపల విద్యుదావేశము గల పూత పూసినచో నీటిలోని సూక్ష్మజీవులు చచ్చునని ఆయన యూహ. ఆ గొట్టము స్థానమున శుక్రవాహికను నిలిపి చూచుటయే ఆయన ప్రతిభ. ఈ పద్ధతికి రిసగ్ అని పేరు. స్టైరీను, మాలిక్ అన్‌హైడ్రైడు అను రెండిటిని కలిపి చేసిన బంకవంటి పదార్థమును, డైమిథైల్ సల్ఫాక్సైడు అను ద్రవములో కరగించి, ఒక్కొక్క శుక్రవాహికలోనికి 60 మిల్లీగ్రాముల చొప్పున సూదితో నెక్కింతురు. అది లోపలి గోడకు అంటుకొని నిలుచును. దారి పూర్తిగా మూసికొనిపోదు. దాని గుండ పోవు కణముల పైపొర మాత్రము చెడి, అవి అండమును చేరి చేయవలసిన పని చేయజాలవు. వేసెక్టమీలో నాళమును కోయుదురు. ఇందులో కోత లేదు.

భారత వైద్య పరిశోధన మండలి వివాహితులైన 303 మంది పురుషులకు దీనిని ఇప్పించి, ఏడేండ్లు గమనించి, 2023లో ఫలితములు ప్రకటించెను. గర్భము రాకుండ ఆపుటలో నూటికి 99 పాళ్లు సఫలమైనది. కొందఱికి వాపు, నొప్పి, జ్వరము వచ్చి తగ్గినవి. ఘనమైన విజయమే.

అయినను అతని ప్రశ్న అది కాదు. తీసివేయించుకొనవచ్చునా యని గదా అతడడిగినది! ఎలుకలలోను, కుందేళ్లలోను, కొండముచ్చులలోను ఆ పూతను కడిగివేసి, సంతానశక్తిని తిరిగి రప్పించిరి. మనుష్యులలో ఈ 303 మందిలో నెవరికిని ఆ పూతను తీసి చూడలేదు. అనగా మూయుట ఋజువైనది. తెఱచుట మనుష్యులలో ఋజువు కావలసియున్నది. పత్రికలవారు ఈ రెండిటిని ఒక్క వాక్యములో కలిపి వ్రాయుచున్నారు. అమ్మకమునకు అనుమతియు ఇంకను రాలేదు. శుక్రవాహికలోనే ఉండి, కొన్నియేండ్లకు తనంతట తానే కరగిపోవలెనని చేసిన వేఱొక జెల్‌కు ఆస్ట్రేలియాలో 2022లో పరీక్ష మొదలిడిరి. అదియు బాల్యావస్థలోనే యున్నది.

ఇక రెండవ కారణమునకు వత్తును. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, మన దేశపు వివాహిత స్త్రీలలో నూటికి సుమారు 38 మంది కుటుంబ నియంత్రణ ఆపరేషను చేయించుకొన్నవారే. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య నూటికి 70 దరిదాపు. తెలంగాణలో 60కి పైమాటే. భర్త చేయించుకొన్న దంపతులు దేశములో వేయికి ముగ్గురు! వేసెక్టమీ స్త్రీల ఆపరేషను కంటె చిన్నది. 1974లో చైనా వైద్యుడు లీ షున్‌చియాంగ్ కత్తి లేకుండ చేయు విధానమును కనిపెట్టిన పిమ్మట మఱింత సులువైనది. 1976–77లో అత్యవసర పరిస్థితి కాలమున 60 లక్షల మందికి పైగా పురుషులకు ఈ ఆపరేషనులు చేసిరి. వారిలో బలవంతమునకు గురియైనవా రనేకులు. ఆ భయము కొంతవఱకు నిలిచియున్నది. కాని భయమునే తప్పుపట్టుటయు న్యాయము కాదు. మా రెండవ కుమారుడు పుట్టినప్పుడు మా యావిడ ఆపరేషను చేయించుకొనుచుండగా నేను ఆసుపత్రి వరండాలో బల్లమీద కూర్చుండి వార్తాపత్రిక చదువుకొంటిని. నేను చేయించుకొనవచ్చునని ఎవరును నాతో ననలేదు. జీవశాస్త్రము చెప్పు నాకును తోచలేదు. నన్ను బలవంతపెట్టినవారు గాని భయపెట్టినవారు గాని లేరు.

మేనల్లునికి ఇట్లు చెప్పితిని. రెండవ బిడ్డ కావలెనన్నచో వేసెక్టమీ పనికిరాదు. తెగిన నాళమును మఱల కలుపు ఆపరేషను గలదు గాని, ఫలించునను పూచీ లేదు, ఏండ్లు గడచిన కొలది ఆశయు తగ్గును. రిసగ్ నీకు నేడు దొరకదు. దొరకినను, తెఱచుట ఋజువగువఱకు దానిని శాశ్వతమైనదిగానే యెంచుకొనవలెను. నీ వంతుగా నీ చేతిలో నున్నది కండోము. ప్రతిసారియు, మొదటి నుండి, సరిగా వాడినచో ఏడాదికి నూటికి ఇద్దఱు స్త్రీలకు మాత్రమే గర్భము వచ్చును. అజాగ్రత్తతో వాడువారిని కూడ కలిపినచో 13 మందికి వచ్చును. ఆ తేడా అంతయు నీ శ్రద్ధలో నున్నది. ఆమె యిష్టపడినచో, డాక్టరమ్మ సలహాతో కాపర్-టీ గలదు. తీసిన పిమ్మట మఱల గర్భము వచ్చును.

అతడు కొంతసేపు మాటాడక, మఱునాడు భార్యను కూడ వెంటబెట్టుకొని వచ్చి, అంతయు మొదటి నుండి మఱల చెప్పుమనెను. చెప్పితిని. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న యొక్కటే: "ఆ పరీక్షకు మగవారు తమంతట తాము వచ్చినారా?" వచ్చినారనియు, 303 మంది యనియు చెప్పితిని. ఆమె ఆ సంఖ్యను మఱియొక మాఱు చెప్పించుకొనెను.