పెరట్లో పొయ్యి, ఇంట్లో వేడి

అమెరికాలో ఈశాన్యపు కొసన మేయిన్ అనే రాష్ట్రం ఉన్నది. ఆ రాష్ట్రంలో పదింట తొమ్మిది వంతులు అడవే. చలికాలంలో అక్కడి పల్లెల వైపు వెళితే ఒక వింత కనబడుతుంది. ఇంటికి ముప్ఫై నలభై అడుగుల దూరంలో, కొన్నిచోట్ల ఇంకా ఎడంగా, మంచులో ఒక చిన్న రేకుల గది నిలబడి ఉంటుంది. దానికి కిటికీలు లేవు. ముందు ఒక ఇనప తలుపు, నెత్తిన ఒక పొగగొట్టం, అంతే. ఆ గదిలో ఎవరూ కాపురం ఉండరు. ఇంటి యజమాని పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి వచ్చి, తలుపు తెరిచి, నాలుగు మొద్దులు లోపల పడవేసి వెళ్ళిపోతాడు.

ఇంట్లోకి వెళ్ళి చూస్తే ఎక్కడా నిప్పు కనబడదు. కాని గదులన్నీ వెచ్చగా ఉంటాయి. కుళాయి తిప్పితే వేడినీళ్ళు వస్తాయి. బట్టలారబెట్టే యంత్రంలో తడిబట్టలు గిరగిర తిరుగుతూ ఆరిపోతుంటాయి. బయట చూస్తే చలి సున్నకు ఇరవై డిగ్రీలు దిగువన!

పెరట్లో మండే మొద్దులకూ, ఇంట్లో తిరిగే యంత్రానికీ సంబంధం ఏమిటి?

పిల్లలూ, మీ అమ్మమ్మగారి ఇంట్లో రాగి బాయిలర్ ఉంటే ముందు దాన్ని చూడండి. నడిమధ్యన నిలువుగా ఒక గొట్టం ఉంటుంది. అందులో బొగ్గులో, కొబ్బరి చిప్పలో, పుల్లలో వేసి రాజేస్తారు. గొట్టం చుట్టూ నీళ్ళు ఉంటాయి. నిప్పు నడుమ, నీళ్ళు చుట్టూ. కనుక నిప్పు వేడి ఏ వైపు పోదామన్నా నీళ్ళు అడ్డం వచ్చి పట్టుకుంటాయి. మేయిన్ పొయ్యి మన బాయిలర్‌కు పెద్దన్న వంటిది. మనది ఇరవై ముప్ఫై లీటర్లు పడితే, అది ఏడెనిమిది వందల లీటర్లు పడుతుంది.

అయితే ఒక తేడా ఉన్నది. మన బాయిలర్‌లో నీళ్ళు మనం తోడుకుని స్నానం చేస్తాం. ఆ పొయ్యిలోని నీళ్ళను ఎవరూ ముట్టుకోరు. తుప్పు పట్టకుండా వాటిలో మందు కూడా కలిపి ఉంచుతారు. అవి వట్టి మోతగాళ్ళు. పొయ్యి దగ్గర వేడి ఎత్తుకుని, భూమిలో పాతిన గొట్టంలో ఇంటికి వెళ్ళి, అక్కడ వేడి దించి, రెండో గొట్టంలో మళ్ళీ పొయ్యి దగ్గరకు వస్తాయి. ఒక చిన్న పంపు వాటిని ఇలా రేయింబవళ్ళు తిప్పుతూ ఉంటుంది.

మోతకు నీళ్ళే ఎందుకు? వేడిగాలిని గొట్టంలో పంపకూడదా? పంపవచ్చు, కాని ఒక లీటరు నీరు ఒక డిగ్రీ వేడెక్కటానికి ఎంత ఉష్ణం పుచ్చుకుంటుందో, అంత ఉష్ణం పుచ్చుకోవటానికి సుమారు 3,500 లీటర్ల గాలి కావాలి. నీళ్ళకు బొటనవేలంత గొట్టం చాలిన చోట, గాలికి పెద్ద సొరంగం కావాలి.

ఇప్పుడు యంత్రాల సంగతి. మన ఇళ్ళలో కరెంటుతో నడిచే వస్తువులు చాలా ఉన్నాయి. వాటిని పరీక్షగా చూస్తే, కొన్ని తిరుగుతాయి, కొన్ని వేడెక్కుతాయి, కొన్ని రెండూ చేస్తాయి. పంఖా తిరుగుతుంది. నీళ్ళు కాచే గీజర్ వేడెక్కుతుంది. బట్టలారబెట్టే యంత్రం రెండూ చేస్తుంది. లోపలి పీపాను ఒక మోటారు తిప్పుతుంది, కరెంటు తీగ చుట్ట ఒకటి గాలిని వేడి చేస్తుంది.

ఈ రెండు పనుల్లో ఏది ఎక్కువ కరెంటు తింటుందో లెక్క కట్టండి. పిండిన బట్టలలో మూడు లీటర్ల నీరు మిగిలిందనుకుందాం. ఒక కిలో నీరు ఆవిరి కావటానికి రమారమి 580 కిలోకెలోరీల ఉష్ణం కావాలి. మూడు కిలోలకు 1,740. ఒక యూనిట్ కరెంటు ఇచ్చేది 860 కిలోకెలోరీలు. అంటే నీళ్ళను తరమటానికే రెండు యూనిట్లు ఖర్చు. నిజంగా యంత్రం నడిస్తే బయటికి పోయే వేడి కూడా కలిసి ఇంకా ఎక్కువే అవుతుంది. మోటారు తినేది మాత్రం పావు యూనిట్ దరిదాపు. తిరగటం చవక, వేడెక్కటం ఖరీదు!

ఆరిన కట్టె కిలో కాలిస్తే దాదాపు 3,600 కిలోకెలోరీలు వస్తాయి. అందులో సగం పొగగొట్టం పాలైనా, మిగిలిన సగంతో ఆ మూడు లీటర్ల నీరు ఎగిరిపోతుంది. అడవి పక్కన ఉన్నవాడు ఈ లెక్క చూసి ఊరుకుంటాడా? మోటారుకు కరెంటు ఉంచి, వేడి పనిని మాత్రం కట్టెలకు అప్పగించాడు.

ఎలాగంటే, ఆ యంత్రం గాలి పీల్చుకునే చోట కారు రేడియేటర్ వంటిది ఒకటి అమర్చుతారు. సన్నని రాగి గొట్టం మెలికలు తిరిగి ఉంటుంది, దాని మీద పలచని అల్యూమినియం రేకులు దగ్గర దగ్గరగా దిగేసి ఉంటాయి. గొట్టంలో పొయ్యి నీళ్ళు పోతుంటే, రేకుల సందుల్లోంచి గాలి దూరి వెచ్చబడి బట్టల మీదికి వెళుతుంది. కరెంటు తీగ అంత వేడి రాదు కనుక బట్టలు కొంచెం ఆలస్యంగా ఆరుతాయి.

“ఇన్ని తిప్పలెందుకు, దండెం మీద ఆరేస్తే పోలేదా?” అని మీ అమ్మగారు అనవచ్చు. మన ఎండలకు ఆ మాట నూరుపాళ్ళు నిజం. మేయిన్‌లో జనవరి నెలలో దండెం మీద వేసిన చొక్కా కాసేపటికి అట్టముక్కలాగా బిగుసుకుపోతుంది.

పెద్దలు గమనించవలసిన విషయం ఒకటి ఇక్కడే చెబుతాను. ఇది యంత్రాన్ని విప్పి చేసే పని, తెలిసిన మేస్త్రీ చేతనే జరగాలి. బట్టల నుంచి రాలే నూగు ఆ రేకుల సందుల్లో పేరుకుంటుంది. గాలి ఆడదు. పోగుపడిన నూగు ఎక్కడైనా వేడి తగిలితే దూదిలాగా అంటుకుంటుంది. కనుక నూగు తుడవటం మానరాదు, మితిమీరిన వేడికి యంత్రాన్ని ఆపే మీటను తీసివేయరాదు.

గీజర్ సంగతి దీనికంటే తేలిక. ట్యాంకు పక్కన నిలువుగా ఒక గొట్టం, ఆ గొట్టం లోపల మరొక గొట్టం పెడతారు. వెలుపలి దానిలో పొయ్యి నీళ్ళు, లోపలి దానిలో ఇంటి నీళ్ళు. రెండూ కలవవు. వేడెక్కిన ఇంటి నీరు తేలికై పైకి లేచి ట్యాంకు నెత్తిన చేరుతుంది, అడుగునున్న చల్లని నీరు ఆ ఖాళీలోకి వస్తుంది. ఇంటి నీళ్ళకు పంపు అక్కరలేదు. మన డాబాల మీద ఎండతో నీళ్ళు కాచే సోలార్ హీటర్లలో చాలామటుకు నడిచేది ఈ సూత్రం మీదనే. ట్యాంకులో నీరు అరవై డిగ్రీలకు తగ్గితే, గోరువెచ్చగా ఉన్నచోట రోగక్రిములు పెరిగే ప్రమాదం ఉన్నది. అరవై డిగ్రీల నీరు చేతి మీద పడితే కొద్ది సెకన్లలో బొబ్బలెక్కుతుంది. అందుచేత ట్యాంకులో వేడిగానే ఉంచి, కుళాయికి వెళ్ళేముందు తగినంత చన్నీరు కలిపే మీట పెడతారు.

మరి ఈ నీళ్ళతో ఇస్త్రీపెట్టె నడుస్తుందా? అట్లపెనం కాలుతుందా?

ఈ ప్రశ్నకు జవాబు మీరే ఇంట్లో కనుక్కోవచ్చు. ఒక స్టీలు గ్లాసునిండా వేడినీళ్ళు పోసి, అంతే చన్నీరున్న గిన్నెలో నిలబెట్టండి. వేడినీళ్ళు పెద్దవాళ్ళ చేత పోయించాలి సుమా! రెండింటిలోనూ ఉష్ణోగ్రత కొలిచే థర్మామీటర్ పెట్టి చూడండి. బడిలో సైన్సు మాస్టారినడిగితే ఇస్తారు. జ్వరం చూసేది పనికిరాదు, పగులుతుంది. గ్లాసులోది దిగుతుంది, గిన్నెలోది ఎక్కుతుంది. రెండూ సమానం కాగానే ఆట కట్టు. నిలకడగా ఉన్న గిన్నెలోని నీరు గ్లాసును మించి ఎప్పటికీ పోదు. వేడి ఎప్పుడూ పల్లానికే పారుతుంది, ఎక్కువ ఉష్ణోగ్రత నుంచి తక్కువకే.

పొయ్యి నీళ్ళు 80 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఇస్త్రీకి 150, 200 డిగ్రీలు కావాలి. అట్టుకూ అంతే. ఎనిమిది వందల లీటర్ల నీళ్ళలో కొండంత ఉష్ణం ఉండవచ్చు గాక, 80 డిగ్రీల నీళ్ళు ఒక్క అట్టును కూడా కాల్చలేవు. ఉష్ణం ఎంత ఉన్నదన్నది వేరు, ఎంత ఎత్తున ఉన్నదన్నది వేరు. చెరువునిండా నీళ్ళున్నా, చెరువు కంటే మెరకనున్న పొలానికి కాలువ పారదు కదా!

వేడితో చల్లదనం కూడా పుట్టించవచ్చునంటే మీరు నవ్వుతారేమో. 1922లో స్వీడన్ దేశంలో ఫాన్ ప్లాటెన్, ముంటెర్స్ అనే ఇద్దరు విద్యార్థులు మోటారు లేని రిఫ్రిజిరేటర్ కనిపెట్టారు. చిన్న మంట నీళ్ళలోంచి అమ్మోనియాను ఆవిరిగా తరుముతుంది. ఆ అమ్మోనియా చల్లారి ద్రవమై, మళ్ళీ ఆవిరయ్యేటప్పుడు చుట్టుపక్కల వేడిని లాక్కుంటుంది. కరెంటు లేని చోట్ల టీకామందులు దాచటానికి వాడిన కిరోసిన్ రిఫ్రిజిరేటర్లు ఈ జాతివే. కాని దానికి నూరు డిగ్రీలకు బాగా పైన వేడి కావాలి, మన పొయ్యి నీళ్ళు చాలవు. లిథియం బ్రోమైడ్ అనే ఉప్పుతో నడిచే మరొక రకానికి 80, 90 డిగ్రీల నీరు సరిపోతుంది. అది పెద్ద భవనాలను చల్లబరచే భారీ యంత్రం.

ఇక పొగ. ఈ పొయ్యికి వచ్చిన చెడ్డపేరు అంతా దీని వల్లనే. నీరు తగినంత వేడెక్కగానే ఒక మీట గాలి తలుపు మూసేస్తుంది. గాలి లేని మొద్దు మండదు, ఆరదు, కుములుతుంది. పొగగొట్టం పొట్టిది. చిక్కని పొగ పైకి పోకుండా పొరుగింటి కిటికీ దగ్గరే తారాడుతుంది. పచ్చికట్టె వేస్తే మరీ అన్యాయం. దాని బరువులో సగం దాకా నీరే, ఆ నీటిని ఎగరగొట్టటానికే ఉష్ణం చెల్లిపోతుంది. ఒకరి ఇల్లు వెచ్చబడటానికి పక్కింటి పసిపిల్లలు దగ్గటం న్యాయం కాదు. అమెరికా ప్రభుత్వం 2015లో కొత్తగా అమ్మే ఈ పొయ్యిలకు పొగ హద్దులు విధించి, 2020 నుంచి వాటిని ఇంకా బిగించింది. కొత్తరకం పొయ్యిలలో పొగను రెండో అరలోకి పంపి అక్కడ మళ్ళీ కాలుస్తారు. కొన్నిటికి పెద్ద నీళ్ళ ట్యాంకు జోడిస్తారు. మంట పూర్తి గాలితో భగభగ మండి ఆరిపోతుంది, వేడి ట్యాంకులో నిలవ ఉంటుంది, కుమలటమనేదే ఉండదు.

1998 జనవరిలో మేయిన్‌తో సహా అమెరికా ఈశాన్య ప్రాంతంలోనూ, పక్కనున్న కెనడాలోనూ రోజుల తరబడి వాన కురిసింది. పడిన చినుకు పడినట్టే గడ్డకట్టి, కరెంటు తీగల మీద మంచు పేరుకుని, స్తంభాలు, ఉక్కు గోపురాలు కూలిపోయాయి. లక్షల ఇళ్ళు చీకటిలో పడ్డాయి. కొన్నిచోట్ల కరెంటు రావటానికి మూడు వారాలు దాటింది.

అటువంటి రాత్రి పెరట్లో కట్టెలు గుట్టగా ఉన్నా, పంపు ఆగిపోతే వేడి ఇంటికి రాదు. అక్కడ పొయ్యిలో నీళ్ళు మరిగిపోతుంటే, ఇక్కడ గొట్టాలలో నీళ్ళు గడ్డకడుతుంటాయి. నూరు లీటర్ల నీరు గడ్డకడితే 109 లీటర్ల చోటు కావాలి. చోటు లేక గొట్టం పగులుతుంది. మరిగిన ఆవిరి బయటికి పోవటానికి చాలా పొయ్యిలలో నెత్తిన ఒక దారి తెరిచే ఉంచుతారు. దాన్ని ఎవరైనా మూశారంటే, అది వెయిట్‌కు దారిలేని ప్రెషర్ కుక్కర్ అయిపోతుంది.

అయితే ఆ పంపు అడిగేది 80 వాట్లు, ఒక పాతకాలపు బల్బు అంత. కారు బ్యాటరీలో సగం శక్తి వాడుకున్నా నాలుగు గంటలు తిరుగుతుంది. అందుకే జాగ్రత్తగల ఇంటివారు పంపు పక్కన ఒక బ్యాటరీ, ఇన్వర్టర్ ఉంచుకుంటారు. మరికొందరు నీళ్ళలో గడ్డకట్టని ద్రవం కలుపుతారు. పల్లపు స్థలంలో పొయ్యి, మెరక మీద ఇల్లు కట్టుకునే వీలున్నవారు లావుపాటి గొట్టాలు వేసుకుంటే, గీజర్ పక్కన చూసిన సూత్రం ప్రకారమే, పంపు ఆగినా వేడినీరు మెల్లగానైనా తనంతట తానే ఇంటికి ఎక్కివస్తుంది.