'పైనుంచి రావాలె' అంటే ఎక్కడి నుంచి?

హాస్టల్లో చదివిన వాళ్లందరికీ ఒక మాట బాగా తెలుసు. "పైనుంచి రావాలె." దుప్పట్లు ఎప్పుడిస్తరు సార్ అంటే పైనుంచి రావాలె. నోట్‌బుక్కులు ఎప్పుడొస్తయి అంటే పైనుంచి రావాలె. ఆరో తరగతి నుంచి డిగ్రీ దాకా హాస్టళ్లలోనే పెరిగిన మేము ఈ మాట ఎన్నిసార్లు విన్నామో లెక్క లేదు. చిన్నప్పుడు 'పైన' అంటే మేడ మీద ఆఫీసు రూం అనుకునేవాళ్లం. కొంచెం పెద్దయ్యాక జిల్లా కేంద్రంలోని ఆఫీసు అనుకున్నాం. పి.జి.లో చేరి రాజ్యాంగం పుస్తకం చేతపట్టాక తెలిసింది, ఆ 'పైన' ఉన్నవారిని అందరి ముందు నిలబెట్టి జవాబు చెప్పించే చోటు ఒకటుందని. అదే శాసనసభ. టీవీలో అసెంబ్లీ రాగానే ఛానల్ మార్చే తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

రాజ్యాంగంలోని 164వ అధికరణం ప్రకారం మంత్రివర్గం శాసనసభకు సమష్టిగా బాధ్యత వహించాలి. అంటే మంత్రి సభలో జవాబు చెప్పడం దయ కాదు, విధి. ఎమ్మెల్యే సభలో ఏం మాట్లాడినా దాని మీద కోర్టులో కేసు వేయడానికి వీల్లేకుండా 194వ అధికరణం రక్షణ ఇచ్చింది. బయట అడగడానికి జంకే మాటను కూడా లోపల ధైర్యంగా అడగవచ్చునన్నమాట.

సభ మొదలయ్యేది మామూలుగా ప్రశ్నోత్తరాల సమయంతోనే. నక్షత్రం గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి. గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబిస్తారు. ప్రశ్న ముందుగానే రాసివ్వాలి కాబట్టి ఇందులో ఏముంది అనిపించవచ్చు. కానీ అసలు సంగతి అక్కడే ఉంది. ఎమ్మెల్యే ఒక జిల్లా హాస్టళ్ల గురించి ప్రశ్న వేస్తే, సచివాలయం నుంచి కమిషనర్ ఆఫీసుకు, అక్కడి నుంచి జిల్లా ఆఫీసుకు, అక్కడి నుంచి వార్డెన్ సారు బల్ల మీదికి కాగితం దిగివస్తుంది. ఎందరు పిల్లలు? ఎన్ని గదులు? ఎన్ని నెలల బిల్లులు బాకీ? రోజూ మనం పైకి చూసి అడిగే ప్రశ్నే ఆ రోజు పైనుంచి కిందికి వస్తుంది.

అయితే ప్రశ్న అడిగే తీరు తెలియాలి. "హాస్టల్ విద్యార్థుల సంక్షేమానికి ప్రభుత్వం కట్టుబడి ఉన్నదా?" అని అడిగితే మంత్రి "అవునండీ" అని కూర్చుంటారు. "ఫలానా సౌకర్యం లేని విషయం వాస్తవమేనా? వాస్తవమైతే ఎప్పటిలోగా కల్పిస్తారు?" అని భాగాలు చేసి అడగాలి. అందులోనూ మొదటి భాగానికి "కాదండీ" అంటే రెండో భాగానికి "ప్రశ్న ఉత్పన్నం కాదు" అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. అందుకే గట్టి సభ్యులు అనుబంధ ప్రశ్నల కోసం అంకెలు చేతిలో పట్టుకొని కూర్చుంటారు.

అంకెలంటే గుర్తొచ్చింది. 2024 చివరలో తెలంగాణ ప్రభుత్వం డైట్ చార్జీలను 40 శాతం పెంచింది. మూడు నుంచి ఏడో తరగతి వరకు నెలకు 950 నుంచి 1,330 రూపాయలు, ఎనిమిది నుంచి పది వరకు 1,100 నుంచి 1,540, ఇంటర్ నుంచి పి.జి. వరకు 1,500 నుంచి 2,100. శాతంలో చెబితే బ్రహ్మాండంగా ఉంది. ముప్పై రోజులకు పంచి చూడండి. పెంపుకు ముందు పదో తరగతి పిల్లవాడి వంతు రోజుకు 37 రూపాయల లోపే. పెంచాక 51 రూపాయల చిల్లర. అందులోనే పొద్దున టిఫిను, రెండు పూటల అన్నం, గుడ్డు. పెంచినందుకు సంతోషమే. కానీ ఈ భాగాహారం సభలో ఎవరో ఒకరు గట్టిగా చేసి చూపితేనే మళ్లీ ధరలు పెరిగినప్పుడు ఫైలు కదులుతుంది.

మన ప్రాంతానికి ఇలా అడిగేవాళ్ల కొరత ఎప్పుడూ లేదు. సిరిసిల్ల నుంచి చెన్నమనేని రాజేశ్వరరావు గారు అనేకసార్లు గెలిచారు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న మనిషి, చాలాకాలం సి.పి.ఐ. నాయకుడు. ఆయన సొంత తమ్ముడు విద్యాసాగర్ రావు గారు బి.జె.పి. తరఫున మెట్‌పల్లి నుంచి 1985, 1989, 1994లో గెలిచారు. 1985లోనూ 1994లోనూ అన్నదమ్ములిద్దరూ ఒకే సభలో ఉన్నారు. ఒకరిది ఎర్రజెండా, ఒకరిది కాషాయజెండా. ఇంట్లో ఏం మాట్లాడుకునేవారో గాని, సభలో ఎవరి పార్టీ మాట వారిదే.

జగిత్యాలలో జీవన్ రెడ్డి గారు 1983లో మొదటిసారి గెలిచారు. 2014లో ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని 13 స్థానాల్లో 12 టి.ఆర్.ఎస్. గెలిస్తే, జగిత్యాల ఒక్కటే కాంగ్రెస్ తరఫున ఆయనకు దక్కింది. ఇక ఇప్పటి సిరిసిల్ల సంగతి విచిత్రం. కె. తారక రామారావు గారు చేనేత, జౌళి శాఖ మంత్రిగా సభలో జవాబులు చెప్పినవారు. 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డరు సిరిసిల్ల మరమగ్గాలకు పని ఇచ్చింది. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారాక ఆయన ప్రతిపక్షంలో కూర్చుని, అదే మగ్గాల గురించి అడిగే సభ్యుడయ్యారు. జవాబు చెప్పే కుర్చీ, ప్రశ్న అడిగే కుర్చీ రెండూ ఒకే ఊరు చూసింది. ఈ పార్టీ మంచిది, ఆ పార్టీ చెడ్డది అని చెప్పడం మా ఉద్దేశం కాదు. ఎవరు ఎటు కూర్చున్నా ప్రశ్న మాత్రం మిగిలే ఉంటుందని చూపడానికే ఇదంతా.

ప్రశ్న అడిగితే పని అయిపోతుందని కూడా అనుకోవద్దు. కోరుట్ల నియోజకవర్గంలోని ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీనే చూడండి. 2002లో నిజాం షుగర్స్‌లో మెజారిటీ వాటాను ప్రైవేటు వారికి అప్పజెప్పారు. సభలో గొడవ జరిగింది. 2004లో శాసనసభ్యులతో సభాసంఘం వేశారు. ఆ సంఘం విచారించి ప్రైవేటీకరణను తప్పుపట్టింది. అయినా ఫ్యాక్టరీ వెనక్కి రాలేదు. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి మూసేశారు. చెరకు వేసిన రైతులు పంట మార్చుకున్నారు, కార్మికులు రోడ్డున పడ్డారు. తెరిపించడానికి 2024 జనవరిలో మరో కమిటీ, ఈసారి మంత్రి అధ్యక్షతన. సభాసంఘం సిఫారసు చేయగలదు గాని ప్రభుత్వం చేయి పట్టుకొని సంతకం పెట్టించలేదు. మరి ఏం లాభం అంటారా? ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఎవరు ఏం చేశారో చెప్పడానికి రికార్డు ఉంది. సభలో మాట్లాడినది అక్షరం పొల్లుపోకుండా రాసి భద్రపరుస్తారు. మంత్రి "చేస్తాం" అని సభలో మాటిస్తే, అది నెరవేరిందా లేదా అని చూడడానికి హామీల కమిటీ అని వేరుగా ఉంది. బయట మీటింగులో ఇచ్చిన మాటకు ఆ గతి లేదు.

బడ్జెట్ రోజుల్లో కోత తీర్మానాలని ఉంటాయి. ఒక శాఖ అడిగిన మొత్తాన్ని ఒక్క రూపాయికి తగ్గించాలని సభ్యుడు ప్రతిపాదించవచ్చు. ఆ శాఖ విధానమే మాకు నచ్చలేదని చెప్పే పద్ధతి అది. దాదాపు ఎప్పుడూ ఓడిపోతుంది, కానీ ఆ పేరుతో శాఖ లెక్కలన్నీ చర్చకొస్తాయి. మన సాంఘిక సంక్షేమ శాఖ పద్దు వచ్చిన రోజు తప్పక చూడండి. 2017 నాటి ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ప్రకారం ఖర్చుకాని సొమ్ము మరుసటి ఏడాదికి కలపాలి. కలిపారా లేదా అని అడగాల్సింది ఆ రోజే.

మా వాళ్లు ఒక్కరిద్దరే ఉంటే ఏం చేస్తారు అని కొందరు మిత్రులు అంటుంటారు. వాళ్లు ఈశ్వరీబాయి గారి గురించి తెలుసుకోవాలి. రిపబ్లికన్ పార్టీ నాయకురాలు, దళిత మహిళ. ఎల్లారెడ్డి నుంచి 1967లో, 1972లో గెలిచి, పెద్ద బలగమేమీ లేకుండానే ప్రభుత్వాన్ని నిలదీసిన సభ్యురాలిగా పేరు తెచ్చుకున్నారు.

చివరగా మనకు నేరుగా పనికొచ్చే విషయం. ఎమ్మెల్యే ఓటు అందరికీ ఉంటుంది. కానీ శాసనమండలిలో పట్టభద్రుల స్థానం అని ఒకటుంది. మనది మెదక్–నిజామాబాద్–ఆదిలాబాద్–కరీంనగర్ నియోజకవర్గం. 2019లో అక్కడి నుంచి జీవన్ రెడ్డి గారు, 2025లో అంజిరెడ్డి గారు గెలిచారు. డిగ్రీ పూర్తయి మూడేళ్లు దాటినవాళ్లు 18వ నంబరు ఫారం నింపి పేరు నమోదు చేసుకోవాలి. మామూలు ఓటరు జాబితాలో పేరున్నంత మాత్రాన ఇందులో ఉండదు, వేరుగా రాయించుకోవాలి. మా ఇంట్లో ఇప్పటిదాకా ఎవరికీ ఈ ఓటు లేదు. మా డిగ్రీకి మూడేళ్లు నిండగానే ఫారం ఇవ్వబోతున్నాం. పూర్వ విద్యార్థుల్లో ఇప్పటికే మూడేళ్లు దాటిన అన్నలు, అక్కలు చాలామంది ఉన్నారు. డిగ్రీ మెమో జిరాక్స్ మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం కావాలంటే, ఆ కొలువుల్లో ఉన్న మన హాస్టల్ పూర్వ విద్యార్థులనే అడగండి.